వార్షిక నివేదిక 2024–25: పురుడు పోసే చదువు, మన తొమ్మిది మంది అమ్మాయిలు

పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా

సంఘ సభ్యులందరికీ కార్యదర్శి నమస్కారాలు.

ఏటా ఈ నివేదిక ఉగాది పంచాంగ శ్రవణంతో మొదలై చందా బకాయిలతో ముగుస్తుంది. ఈసారి వరస మార్చాను. అధ్యక్షులవారు ముందుగా చదివి, "ఇదేమిటయ్యా, ఆస్పత్రి నివేదికలా ఉంది" అన్నారు. నిజమే. ఈ ఏడాది సంఘం డబ్బు, నా చెప్పుల అరుగుదల, కొందరు సభ్యుల నిద్ర ఎక్కువగా ఖర్చయింది నర్సు చదువు చదివే మన అమ్మాయిలకు సాయం చేసే పనికే. కాబట్టి నివేదికలో ఎక్కువ చోటు కూడా దానికే ఇచ్చాను.

మిగిలిన కార్యక్రమాలు నాలుగు మాటల్లో చెబుతాను. ఉగాది జరిగింది, పచ్చడి చాలలేదు. ఆగస్టు 29న గిడుగు రామమూర్తి గారి జయంతికి పిల్లలకు వక్తృత్వ పోటీ పెట్టాం. పెద్దలు ఎక్కువ మాట్లాడారు, పిల్లలకు సమయం మిగల్లేదు. పఠన మందిరంలో రెండు ఫ్యాన్లు బాగు చేయించాం, ఒకటి మళ్లీ ఆగింది. చలికాలంలో దుప్పట్లు ఎప్పటిలాగే పంచాం. అంతే.

ఎవరీ తొమ్మిది మంది

సంఘం సాయంతో చదువుతున్నవారు తొమ్మిది మంది. ఐదుగురు మూడేళ్ల జి.ఎన్.ఎం. (జనరల్ నర్సింగ్, మిడ్‌వైఫరీ), ముగ్గురు రెండేళ్ల ఏ.ఎన్.ఎం. (సహాయక నర్సు, మిడ్‌వైఫ్), ఒకమ్మాయి నాలుగేళ్ల బి.ఎస్సీ. నర్సింగ్. నలుగురు బరంపురంలో, ముగ్గురు మన దగ్గరే, ఇద్దరు సరిహద్దు దాటి శ్రీకాకుళంలో ఉన్నారు. పేర్లు రాయడం లేదు. తల్లిదండ్రులకూ మాకూ తెలుసు, అది చాలు.

కిందటి సమావేశంలో ఒక పెద్దాయన లేచి, "ఇది నర్సు చదువు కదా, మధ్యలో ఈ మంత్రసాని మాట ఎందుకు" అని అడిగారు. అప్పుడు సరిగా జవాబు చెప్పలేకపోయాను, ఇప్పుడు చెబుతాను. మన దేశంలో పురుడు పోసే చదువు నర్సు చదువులోనే కలిసి ఉంటుంది. జి.ఎన్.ఎం. పూర్తిచేసిన అమ్మాయి పేరు రిజిస్టర్లో నర్సుగా, మిడ్‌వైఫ్‌గా రెండు విధాలా ఎక్కుతుంది. ఆ చదువులో ప్రసూతి పాఠం వచ్చేది మూడో ఏడాది. ఏ.ఎన్.ఎం.లో అయితే రెండో ఏడాది. అంతవరకూ జ్వరాలూ, కట్లూ, సూదులూ. ఆ ఏడాది వచ్చిందంటే అమ్మాయి ఒక్కసారిగా లేబర్ రూములో నిలబడుతుంది. మన తొమ్మిది మందిలో ఐదుగురికి ఇది ఆ ఏడాదే.

నర్సు వేరు, మిడ్‌వైఫ్ వేరు అన్న ఆలోచన కూడా ఇప్పుడిప్పుడే బలపడుతోంది. తెలంగాణ 2017లో కరీంనగర్‌లో విడిగా మిడ్‌వైఫ్ శిక్షణ మొదలుపెట్టింది. 2018 డిసెంబరులో కేంద్రం దేశమంతటికీ మార్గదర్శకాలు ప్రకటించింది. నర్సుగా రెండేళ్లు పనిచేసిన వారికి పద్దెనిమిది నెలల కోర్సు అది. సాధారణ కాన్పులను మొదటి నుంచి చివరి వరకూ వాళ్లే చూసుకోవాలన్నది దాని ఉద్దేశం. నాలుగేళ్ల కిందట మన సాయంతో చదివిన అమ్మాయి ఒకరు ఇప్పుడు దానికి వెళ్లాలని ఉందని చెప్పింది. ఆ ఖర్చు వచ్చే ఏడాది మాట.

శాలువా మానేశాం

ముందు మన తప్పు ఒప్పుకోవాలి. 2023–24లో "ప్రతిభా పురస్కారాలు" అని సభ పెట్టాం. ఫ్లెక్సీ, శాలువాలు, అతిథులకు భోజనాలు. ఒక్కొక్క అమ్మాయి చేతిలో కవరు పెట్టి ఫోటో తీయించుకున్నాం. రాత్రి డ్యూటీ చేసి తెల్లవారి బస్సెక్కి వచ్చిన ఒకమ్మాయి మూడో ఉపన్యాసం నడుమ వేదిక మీదే నిద్రపోయింది. ఆ ఫోటో ఊరంతా ఫోన్లలో తిరిగింది. అందరం నవ్వాం. తరువాత లెక్క చూస్తే, ఆ ఒక్క పూట ఖర్చుతో ఆ అమ్మాయికి ఆరు నెలల గది అద్దె వచ్చేది. అప్పుడు నవ్వు రాలేదు.

ఈ ఏడాది సభ లేదు, కవరు లేదు. డబ్బు నెలనెలా, అవసరమైన చోటికి నేరుగా వెళ్లింది. కొందరు దాతలకు ఇది రుచించలేదు. "మేమిచ్చినట్టు ఎవరికి తెలుస్తుంది" అని ఒకరు అడిగారు. పిల్లకు తెలుస్తుందండీ అన్నాను. ఆయన చందా ఇంకా రాలేదు.

బరంపురం గది

బరంపురంలో పెద్దాస్పత్రికి మన ఊరి మహారాజు కృష్ణచంద్ర గజపతి పేరు ఉంది. 1962లో మొదలైన వైద్య కళాశాల అది. పేరు మనదే కానీ, ఆ ఊళ్లో మన ఆడపిల్లలకు గది దొరకడం గగనమైంది. నలుగురు చేరిన ప్రైవేటు స్కూలుకు హాస్టల్ ఉన్నది ఫీజు రసీదు మీద మాత్రమే. ప్రవేశాలప్పుడు చూపించిన గదులు తరువాత వేరే పనికి వెళ్లిపోయాయి. అడిగితే "వచ్చే నెల" అన్నారు. ఆ వచ్చే నెల ఇంతవరకూ రాలేదు.

అద్దె గది చూడటానికి కోశాధికారి గారూ నేనూ కలిసి వెళ్లాం. మొదటి ఇంటావిడ అంతా బాగానే మాట్లాడి, టీ కూడా ఇచ్చి, డ్యూటీ వేళలు వినగానే కప్పు కింద పెట్టింది. "రాత్రి తొమ్మిదికి వెళ్లి పొద్దున వచ్చే ఆడపిల్లలకు ఇల్లివ్వను. వీధిలో నేను తలెత్తుకోవాలి కదా" అంది. కోశాధికారి గారు మెత్తని మనిషి. ఆ రోజు మాత్రం ఊరుకోలేదు. "అమ్మా, మీ ఇంట్లో ఎవరికైనా నొప్పులు పగలే వస్తాయని రాసిచ్చారా" అన్నారు. ఇల్లు రాలేదు సరే, మాట మాత్రం ఆవిడకు తగిలింది.

నాలుగో రోజుకు మేడ మీద గది ఒకటి దొరికింది. నెలకు 4,500. నీళ్లు పొద్దున ఆరు నుంచి ఏడు వరకే. రాత్రి డ్యూటీ నుంచి వచ్చేసరికి ట్యాంకు ఖాళీ. అందుకని ఒక పెద్ద డ్రమ్ము కొనిచ్చాం. ఎవరు ఇంట్లో ఉంటే వారు నింపాలని ఆ పిల్లలే గోడ మీద వంతులు రాసుకున్నారు. బియ్యం, పప్పు, నూనెకు నెలకు 2,500 ఇస్తున్నాం. రాత్రి డ్యూటీకి వెళ్లేవారు డబ్బాలో అన్నం పట్టుకెళతారు. తినే వేళకు ఏదో కాన్పు వస్తుంది, ఆ డబ్బా పొద్దున అలాగే తిరిగొస్తుంది. వేసవిలో పులిసిపోతోందని ఈ మధ్య అటుకులకు మారారు. ఇలాంటివి ఏ దరఖాస్తు ఫారంలోనూ ఉండవు. వెళ్లి ఆ గదిలో చాప మీద కూర్చుంటే గానీ తెలియవు.

తొమ్మిది వాచీలు

ఇది సరదాగా ఉంటుందని రాస్తున్నాను, దాత గారు మన్నించాలి. ఆయన ఎంతో ప్రేమతో తొమ్మిది మందికి తొమ్మిది వాచీలు కొని తెచ్చారు. సన్నని గొలుసు, గులాబీ రంగు ముఖం, అంకెల చోట రాళ్లు. అందరం మెచ్చుకున్నాం. రెండో ఏడాది ఏ.ఎన్.ఎం. అమ్మాయి చేతికి పెట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, మెల్లగా "బాబుగారూ, సెకన్ల ముల్లు లేదండీ" అంది.

సెకన్ల ముల్లు లేని వాచీ లేబర్ రూములో ఒట్టి గాజుతో సమానం. కడుపులో బిడ్డ గుండె నిమిషానికి 110 నుంచి 160 సార్లు కొట్టుకోవాలి. దాన్ని గొట్టం పెట్టి విని, ముల్లు చూస్తూ లెక్కపెట్టాలి. నొప్పి ఎంతసేపు నిలిచిందో, బిడ్డ పుట్టి నిమిషమైందో అయిదు నిమిషాలైందో చూడటానికీ అదే ముల్లు. వార్డులోకి ఫోను తీసుకెళ్లనివ్వరు. దాత గారు ఆ సాయంత్రమే అన్నీ దుకాణానికి తీసుకెళ్లి, సగం ధరకు దొరికే నల్ల పట్టీ వాచీలు మార్చి తెచ్చారు. మిగిలిన డబ్బుతో తెల్ల బూట్లు. ఒకరికి కొలత కుదరలేదు. బూటులో దూది పెట్టుకుని నడుస్తోందని మాకు మూడు నెలల తరువాత తెలిసింది. అడిగితే "మళ్లీ మిమ్మల్ని ఇబ్బంది పెట్టడం ఎందుకని" అంది. అమ్మాయిలూ, ఇది చదువుతుంటే వినండి: ఇబ్బంది పెట్టండి.

మూడు భాషలు, నాలుగో పుస్తకం

మన పిల్లల చిక్కు బయటివారికి అర్థం కాదు. ఇంట్లో తెలుగు. బడిలో చాలామంది చదివింది ఒడియా. పాఠ్యపుస్తకం ఇంగ్లీషు. నొప్పులతో వచ్చిన మనిషి మాట్లాడేది ఒడియా కావచ్చు, తెలుగు కావచ్చు, కొండల నుంచి దిగివస్తే సవర కావచ్చు. పుస్తకంలోని మాటను బట్టీ పట్టి పరీక్ష రాయవచ్చు. మంచం పక్కన నిలబడి ఆ మాట అడిగితే ఎవరికీ అర్థం కాదు.

మన రిటైర్డు సిస్టరమ్మ (పేరు వేయవద్దన్నారు, ముప్పై ఏళ్లకు పైగా లేబర్ రూముల్లోనే గడిపారు) మొదట చేయించిన పని ఒక మాటల పట్టిక. ఎడమ వైపు ఇంగ్లీషు మాట తెలుగు లిపిలో, దాని పక్కన మన ఇళ్లలో ఆడవాళ్లు అనే మాట, ఆ పక్కన ఒడియా. ఉమ్మనీరు, మాయ, బొడ్డుతాడు, ఎదురుకాళ్లు, నిండు నెలలు, బాలింత. "మీ అమ్మమ్మ ఏమనేదో అడిగి రండి, పుస్తకంలో వెతకకండి" అని ఆమె షరతు. తెలుగు మాట్లాడటమే గానీ చదవడం రాని ఇద్దరి కోసం తెలుగు మాటలను ఒడియా లిపిలో కూడా రాశాం. ఒడియా మాటలు కొన్ని నేనూ నేర్చుకున్నాను. 'పెటొ బింధుచి' అంటే కడుపు నొప్పి పెడుతోందని. 'డొరొ నాహి' అంటే భయం లేదని. ఈ రెండో మాట పుస్తకంలో ఏ పాఠంలోనూ లేదు, వార్డులో అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చేది అదేనట.

సవర గడి దగ్గర ఆగిపోయాం. మాలో ఒక్కరికీ రాదు. ఈ ఊళ్లో ఉండే గిడుగు వారు సవరలను ఇంటికి పిలిచి వారి భాష నేర్చుకున్నారు. 1931లో ఆ భాషకు వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చు వేయించారు. మనం ఏటా ఆయన పటానికి దండ వేస్తాం. ఆ పటం కింద కూర్చుని, సవరలో "నొప్పి ఎప్పుడు మొదలైంది" అని అడగడం ఒక్కరికీ తెలియక ముఖాలు చూసుకున్నాం. చివరకు కొండ మీది ఊరి ఆశా కార్యకర్త ఒకరు సంతకు వచ్చినప్పుడు పఠన మందిరానికి వచ్చి, ఇరవై రెండు వాక్యాలు ఫోనులో చెప్పి వెళ్లింది. డబ్బు వద్దంది, బస్సు చార్జీ మాత్రం తీసుకుంది. పలుకు రాతలో పట్టుబడటం లేదు కాబట్టి దాన్ని వినే పాఠంగానే ఉంచాం. అమ్మాయిలు గదిలో వంట చేస్తూ వింటున్నారు. వచ్చే ఆగస్టు 29కి పోటీలో ఈ ఇరవై రెండు వాక్యాలే పెట్టాలని నా ప్రతిపాదన. అప్పుడు పెద్దలు మాట్లాడే అవకాశం ఉండదు.

శ్రావణంలో జరిగింది

ఇది రాయాలా వద్దా అని కమిటీలో రెండు సార్లు అనుకున్నాం. ఆ అమ్మాయీ, వాళ్ల అమ్మా రాయమన్నారు. ఊరు, ఆస్పత్రి, కుటుంబం వివరాలు రాయను.

మూడో ఏడాది అమ్మాయి. పుస్తకాలతో పడుకుని పుస్తకాలతో లేచే పిల్ల. శ్రావణంలో ఒక రాత్రి ఆమె శిక్షణకు వెళ్లే ఒక ఆస్పత్రికి కొండ ఊరి నుంచి ఒకావిడను తెచ్చారు. దారిలో వాగు పొంగి ఆలస్యమైంది. తెచ్చిన గంటలోపే కాన్పయింది, ఆడపిల్ల, వెంటనే ఏడ్చింది. రెండు ప్రాణాలు వేరయ్యాయని అందరూ ఊపిరి పీల్చుకున్నారు. మాయ కూడా పడింది. రక్తం మాత్రం ఆగలేదు. ఈ అమ్మాయి పని కింద పరిచిన గుడ్డలు మార్చడం. పెద్ద సిస్టరు దూరం నుంచి "ఎంత పోయింది" అని అడిగితే ఈమె "రెండు గుడ్డలు తడిశాయి" అంది. తరువాత మరొకటి, మరొకటి. పెద్దాస్పత్రికి పంపించారు. దారిలోనే ఆవిడ ప్రాణం పోయింది.

అమ్మాయి తెల్లవారి ఇంటికి వచ్చేసింది. మళ్లీ వెళ్లలేదు. మేము ఏం చేశామో కూడా రాస్తాను. రెండో నెల డబ్బు పంపాం! బ్యాంకు ఖాతాలో వేసి, ఫోను చేసి, "ధైర్యంగా ఉండమ్మా" అన్నాం. పరీక్ష ఫారం గడువు ఎప్పుడో గుర్తు చేశాం. ఆమె ఒక్క మాట మాట్లాడలేదు. మన చేతిలో ఉన్న మందు ఒక్కటే, డబ్బు. ఏ రోగానికైనా అదే పోశాం.

సిస్టరమ్మ విషయం విని, ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి వాళ్ల ఇంటికి వెళ్లారు. రెండు రోజులు ఉన్నారు. ఏం మాట్లాడారని అడిగితే, "మొదటి రోజు చిక్కుడుకాయలు వలిచాం" అన్నారు. రెండో రోజు ఆ పిల్లే అడిగిందట: "రెండు గుడ్డలంటే ఎంత, సిస్టరమ్మా? నేను ఎక్కువ చెప్పి ఉంటే బతికేదా?" దానికి ఆమె అబద్ధం చెప్పలేదు. "రెండు గుడ్డలంటే ఎంతో నీకు ఎవరూ నేర్పలేదు. నేర్పాల్సింది మేము. వాగు నీ చేతిలో లేదు, బండి నీ చేతిలో లేదు. ఆ తప్పు నీది కాదు" అన్నారట.

అమ్మాయి ఆ ఏడాది పరీక్షకు కూర్చోలేదు. ఒక సంవత్సరం పోయింది. ఇప్పుడు మళ్లీ చేరతానంటోంది, ఒకరోజు అంటుంది, ఒకరోజు అనదు. మేము తొందరపెట్టడం లేదు.

ఈ విషయంలో కమిటీలో గట్టి వాదన జరిగింది. చదువు మానేస్తే ఇచ్చిన డబ్బు తిరిగి తీసుకోవాలని ఒక సభ్యుడు తీర్మానం తెచ్చారు. "రేపు అందరూ ఇలాగే అంటే?" అన్నది ఆయన వాదన. ఆయన లెక్క ఆయనది, కాదనను. కానీ ఆ రాత్రి గుడ్డలు మార్చిన పిల్ల దగ్గరకు వెళ్లి రసీదు పుస్తకం తెరవడం నా వల్ల కాదని చెప్పాను. తీర్మానం వీగిపోయింది, సర్వసభ్య సమావేశంలో మళ్లీ ఎవరైనా తేవచ్చు.

ఆదివారం క్లాసు

ఆ తరువాతే సిస్టరమ్మ పఠన మందిరం వెనుక గదిలో ఆదివారం క్లాసు మొదలుపెట్టారు. నెలకు రెండు ఆదివారాలు, ఎవరికి డ్యూటీ లేకపోతే వారు రావాలి. ఇద్దరు వచ్చినా పాఠం ఆగలేదు, ఏడుగురు వచ్చిన రోజూ ఉంది.

మొదటి పాఠం రోజు నేను బల్లలు సర్దడానికి వెళ్లి అక్కడే ఉండిపోయాను. ఆమె నేల మీద పాత నూలు చీర పరిచారు. బకెట్‌లో కుంకుమ కలిపిన నీళ్లు. వంటింటి కొలత చెంబు ఒకటి కొంగు చాటున పెట్టుకుని, ఎవరికీ కనబడకుండా కొలిచి చీర మీద పోశారు. ఎర్రని మరక మెల్లగా పాకి, అంచు దగ్గర ఆగింది. "ఎంత?" అన్నారు. ఒకమ్మాయి నూటయాభై మిల్లీలీటర్లంది. ఒకరు రెండొందలు. నన్ను కూడా అడిగారు. టీ గ్లాసు లెక్కన చూసి నూరు అన్నాను. ఆమె చెంబు బయటికి తీసి చూపించారు. అయిదు వందలు.

కాన్పు తరువాత అయిదు వందలు దాటితే ప్రమాదమని పుస్తకం చెబుతుంది, అందరూ పరీక్షలో రాస్తారు. అది కంటికి ఎలా ఉంటుందో మాత్రం ఎవరూ చూపించరు. చీర తాగేస్తుంది, కన్ను తక్కువ చెబుతుంది. ఆ తరువాత అదే నీళ్లు తడి చీర మీద, మడత పెట్టిన చీర మీద, గచ్చు మీద, బకెట్‌లో పోసి చూపించారు. ప్రతి చోటా వేరుగా కనిపించింది. గచ్చు మీద పోసినప్పుడు మాత్రం అందరూ ఎక్కువ చెప్పారు. అక్కడే మూలన కూర్చుని ఉంది మన శ్రావణం అమ్మాయి. ఆ రోజు వస్తుందని అనుకోలేదు. ఏమీ మాట్లాడలేదు. చివర్లో లేచి, చీర తనే పిండి, ఆ నీళ్లు చెంబుతో కొలిచింది.

సిస్టరమ్మ చదవడం మానలేదు. 2023లో నాలుగు ఆఫ్రికా దేశాల్లో, 80 ఆస్పత్రుల్లో జరిగిన ఒక పెద్ద పరిశీలన గురించి చెప్పారు. తల్లి కింద గీతలున్న ప్లాస్టిక్ సంచి పరిచి రక్తాన్ని కొలవడం, హద్దు దాటగానే చేయాల్సినవన్నీ ఒకదాని తరువాత ఒకటి కాకుండా ఒకేసారి మొదలుపెట్టడం వారు చేసినది. తీవ్రమైన రక్తస్రావం, దాని వల్ల కడుపు కోయాల్సి రావడం, మరణం, ఈ మూడూ కలిపి చూస్తే 60 శాతం తగ్గాయట. "సంచి ఖరీదు కాదు, చూసి ఊరుకోకపోవడం ఖరీదు" అన్నారు ఆమె.

మిగతా పాఠాల్లో కొన్ని: బిడ్డ పుట్టిన నిమిషంలోపు తల్లి తొడకు పది యూనిట్ల ఆక్సిటోసిన్ సూది. బొడ్డుతాడును తొందరపడి కోయకుండా ఒకటి నుంచి మూడు నిమిషాలు ఆగడం. మాయ పడ్డాక పొట్ట మీద చెయ్యి పెట్టి గర్భసంచి రాయిలా ఉందో చపాతీ పిండిలా ఉందో చూడటం. దీనికి ఆమె నిజంగానే రెండు ముద్దలు తెచ్చారు, ఒకటి నానిన పిండి, ఒకటి కొబ్బరికాయ, రెండింటి మీదా గుడ్డ కప్పి కళ్లు మూసుకుని తాకమన్నారు.

కాన్పు నడక రాసే గ్రాఫు దగ్గర మాత్రం చర్చ తెగలేదు. పాత పద్ధతిలో గర్భద్వారం నాలుగు సెంటీమీటర్లు తెరుచుకున్నప్పటి నుంచి గీత మొదలవుతుంది, దానికి నాలుగు గంటల కుడివైపున, అది దాటితే ఇక ఊరుకోకూడదని చెప్పే రెండో గీత. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన కొత్త పట్టికలో అయిదు సెంటీమీటర్ల నుంచి లెక్క. పిల్లల పుస్తకంలో ఒకటి, వార్డు గోడ మీద ఒకటి. "పరీక్షలో మీ టీచరు చెప్పింది రాయండి, మంచం పక్కన మాత్రం తల్లిని చూడండి, కాగితాన్ని కాదు" అని ఆమె తేల్చేశారు. సంఘం తరఫున గ్రాఫు కాగితాలు వంద కొనిచ్చాం, అన్నీ అయిపోయాయి.

క్లాసులో నేను గమనించిన మరో సంగతి. మొదట్లో ప్రతి క్లాసూ పాఠంతో మొదలయ్యేది. ఇప్పుడు అర్ధగంట ఎవరికి ఏం జరిగిందో చెప్పుకోవడంతో మొదలవుతోంది. వార్డులో నొప్పులు పడే ఆడవాళ్ల మీద అరిచే పెద్దల గురించి, అది చూసి తనూ అరిచానని ఏడ్చిన అమ్మాయి గురించి, మొదటిసారి తన చేతుల్లోకి జారిన బిడ్డ సబ్బులా ఉందని నవ్విన అమ్మాయి గురించి. ఆ అర్ధగంట నేను బయట అరుగు మీద కూర్చుంటాను. లోపల మాటలన్నీ నాకు వినబడాల్సిన పని లేదు.

రిజిస్టరు చిక్కు

శ్రీకాకుళంలో చదివే ఇద్దరి గురించి ఒక మాట. అక్కడ చదివితే పేరు ఆంధ్రప్రదేశ్ నర్సుల కౌన్సిల్లో నమోదవుతుంది. ఒడిశాలో ఉద్యోగం చేయాలంటే ఇక్కడి కౌన్సిల్లో మళ్లీ నమోదు చేయించుకోవాలి. నదికి అటు పాతపట్నం, ఇటు మనం. పెళ్లి సంబంధాలకు అడ్డురాని సరిహద్దు కాగితాలకు అడ్డొస్తుంది. 1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో 2023లో పార్లమెంటు కొత్త చట్టం చేసింది. కౌన్సిళ్ల తీరు దాని ప్రకారం మారాల్సి ఉంది. ఈలోగా మన సలహా పాతదే: ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరికీ వదిలి రావద్దు, ఫీజు బాకీ పేరుతో ఎవరైనా పట్టుకుంటే ముందు మాకు చెప్పండి. ఈ ఏడాది ఒకరి విషయంలో నాలుగు సార్లు తిరిగి కాగితాలు విడిపించాం.

పద్దు

విద్యార్థినుల పద్దు కింద వచ్చినది 1,62,000 రూపాయలు. ఇందులో సగానికి పైగా చిన్న చందాలే. గది అద్దె, సరుకులకు 84,000. యూనిఫారం, బూట్లకు 19,350. పుస్తకాలు, జెరాక్సులు, గ్రాఫు కాగితాలకు 12,000. ప్రయాణాలకు 15,000. పరీక్ష ఫీజులు, కేసు రికార్డులకు 17,000. మొత్తం ఖర్చు 1,47,350, నిల్వ 14,650. నీళ్ల డ్రమ్ము కోశాధికారి గారు సొంత డబ్బుతో కొన్నారు, పద్దులో రాయనివ్వలేదు. ఇక్కడ రాశాను. రసీదులన్నీ పఠన మందిరం బీరువాలో ఉన్నాయి, ఎవరైనా చూడవచ్చు.

సమావేశం ముందుకు

మూడు సంగతులు తేలాలి. బరంపురం గది అద్దె వచ్చే నెల నుంచి 5,000 అవుతుంది, దానికి ఆమోదం కావాలి. సిస్టరమ్మ డబ్బు తీసుకోరు. కానీ ఆమె మోకాళ్ల నొప్పితో బస్సు ఎక్కలేకపోతున్నారు, ఆదివారాల్లో ఆటో ఖర్చు సంఘం పెట్టుకోవాలి. చదువు మధ్యలో ఆగినవారికి ఒక ఏడాది పాటు సాయం ఆపకూడదన్న నియమం రాసుకోవాలా అన్నది మూడోది. దీని మీద సభ్యులు కోపం తెచ్చుకోకుండా మాట్లాడాలని మనవి. నేను తెచ్చుకుంటాను కాబట్టి నన్ను అధ్యక్షులవారు ఆపుతారు.

ఇక ఒక చిన్న అవసరం. క్లాసుకు తెచ్చిన చీరలు కుంకుమ నీళ్లకు చివికిపోయాయి. పాత నూలు చీరలు ఉన్నవారు పఠన మందిరంలో ఇవ్వండి. సిల్కు, సింథటిక్ వద్దు, అవి తాగవు. ఉతికిచ్చినవైతే మేలు. అంచు చిరిగినా ఫర్వాలేదు.

ఇట్లు,
కార్యదర్శి